మొదటి చాలు

ఆదిశేషు నెమ్మదస్తుడైపోయాడంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మేలా ఉంటే కదా! కాకినాడలో లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే మనిషి. అన్నం తింటూ డ్రైవర్లని తిట్టేవాడు, డ్రైవర్లని తిడుతూనే స్నానానికి వెళ్ళేవాడు. పెళ్ళికి వెళ్తే తాళి కట్టకముందే భోజనాలెక్కడని వెతికేవాడు, భోజనానికి కూర్చుంటే మజ్జిగ రాకముందే లేచి చెయ్యి కడిగేసుకునేవాడు. అలాంటివాడు నాలుగు నెలల్నుంచి వరండాలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని చూసి చిరునవ్వు నవ్వుతూ కూర్చుంటున్నాడు. ఏం కావాలని ఎవరడిగినా ఒకటే జవాబు. "ఏమొద్దండీ, చాలు. నాకేం తక్కువ?"

"ఏం మందు పెట్టావే తాయారూ? మా ఆయనకీ కాస్త పెట్టు తల్లీ, పుణ్యముంటుంది" అని ఎదురింటి రత్నావళి ఓ రోజు గేటు దగ్గర పట్టుకుని మరీ అడిగింది. ఆదిశేషు భార్య మంగతాయారు నవ్వేసి స్కూటీ ఎక్కింది.

మందు కాదు, బిళ్ళ. చింతగింజంత ఉంటుంది. కుడిచెవి వెనక అతికిస్తే జుట్టులో కలిసిపోతుంది. దాన్ని కనిపెట్టింది మంగతాయారే.

ఆవిడ డాక్టరే గాని నాడి పట్టుకునే డాక్టరు కాదు. మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తుని యంత్రాల మీద చదివే రకం. ఊరి చివర సముద్రం వైపున్న ఓ ప్రైవేటు పరిశోధనాలయంలో పదహారేళ్ళుగా అదే పని. ఈ కాలం మనుషులకి ఎంత ఉన్నా చాలదు, ఎంత చేసినా సరిపోదు, అదే అసలు రోగం అని ఆవిడ నమ్మకం. "చాలు" అనుకున్న క్షణాన మెదడులో ఓ అల లేస్తుంది కదా, ఆ అలని పట్టుకుని, మనిషి పరుగు పెడుతున్నప్పుడల్లా మెల్లిగా మళ్ళీ వినిపిస్తే? అలా మొదలైంది కథ.

మరి మనుషులు "చాలు" అనేది ఎక్కడ? గోదావరి జిల్లా వాళ్ళని అడగాలా! భోజనాల దగ్గర. పరిశోధనాలయం హాల్లో ఇరవై మందిని బంతిలో కూర్చోబెట్టి, తలలకి తీగల టోపీలు తొడిగి, అరిటాకులు పరిచారు. బంతికి ఎదురుగా డైరెక్టరు నరహరి గారు తెల్లకోటు వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. వడ్డన క్యాంటీన్ భద్రయ్యది. నలభై ఏళ్ళు పెళ్ళి వంటలు చేసి, మోకాళ్ళు అరిగాక ఇక్కడ చేరిన మనిషి. ఆయన గరిటె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళడం, వాళ్ళు "చాలండీ" అనడం, అద్దం గది వెనక నుంచి తాయారు "వచ్చింది! ఆపెయ్యండి భద్రయ్య గారూ, ఆపెయ్యండి!" అని కేకెయ్యడం. ఇరవై మందికీ అల ఒకే తీరుగా వచ్చింది, ఒక తల్లి పిల్లల్లా. అందరూ చప్పట్లు కొట్టారు. నిండు గిన్నెలు వెనక్కి మోసుకుపోతూ భద్రయ్య ఏదో చెప్పబోయాడు. "తర్వాత చెబుదురుగాని" అంది తాయారు. ఆ తర్వాత అనేది మళ్ళీ రాలేదు.

బిళ్ళ తయారయ్యాక పన్నెండు మందికి అతికించారు. అందులో ఏడో మనిషి ఆదిశేషు. అప్పటికే రక్తపోటుతో ఓసారి ఆస్పత్రిపాలై వచ్చాడు. "మీరు ఇలాగే పరిగెడితే నాకు మిగలరు" అని తాయారు చెయ్యి పట్టుకుని ఏడ్చేసరికి, "సరే, అతికించి చావు" అని తల వంచాడు. మూడో రోజుకే మెత్తబడ్డాడు. పదో రోజుకి డ్రైవర్లని "బాబూ" అనడం మొదలెట్టాడు.

తాయారుకి ఆ నాలుగు నెలలూ పండగే. బిళ్ళ నివేదికలు, అనుమతి పత్రాలు, ఢిల్లీ వాళ్ళతో వీడియో మీటింగులు, ఊపిరాడేది కాదు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆదిశేషు వరండాలోనే ఉండేవాడు.

"తిన్నారా?"

"తిన్నానే. పొద్దున్న నువ్వు పెట్టి వెళ్ళిన ఇడ్లీలున్నాయిగా, రెండు చాల్లే."

"మధ్యాహ్నం?"

"అవేనే."

"కాఫీ పెట్టనా?"

"నాకోసం శ్రమ పడకు. నువ్వు తాగేట్టయితే ఓ గుక్క ఇయ్యి. లేకపోతే వద్దు."

ఇదివరకైతే స్కూటీ చప్పుడు వినగానే "కాఫీ!" అని కేక వినపడేది. కూరలో కారం ఎక్కువైందని ఒకరోజు, చొక్కా బొత్తాం ఊడిందని ఒకరోజు ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు అడగడమే లేదు. నిజం చెప్పుకోవాలంటే, తాయారుకది ఎంతో హాయిగా ఉంది. అడగని మొగుడు ఇంట్లో ఉంటే ఆడదానికి ఎంత పని తెములుతుందో! ల్యాప్‌టాప్ తెరిచేది, కూర్చునేది. ఆయన బెల్టుకి కొత్త కన్నం పడటం చూసింది. బరువు తగ్గమని డాక్టరు చెప్పాడు కదా, మంచిదే అనుకుంది. ఆఫీసులో ఆయన కుర్చీలో భాగస్తుడు బుల్లబ్బాయి కూర్చుంటున్నాడని విన్నది. "కూర్చోనీవే, నాకెందుకు" అన్నాడు ఆదిశేషు. ఎంత పెద్ద మనసు అనుకుంది.

నాలుగో నెలాఖరున డైరెక్టరు గారు విందు పెట్టారు. సోమవారం తాయారు సంతకం పెడితే, వచ్చే నెలకి కొత్త ఫ్యాక్టరీలో లక్ష బిళ్ళలు తయారవుతాయి. అప్పటికే ఓ మిల్లు యజమాని వచ్చి, "ఇది పెట్టుకున్నవాళ్ళు సెలవులడగరా అండీ?" అని ఎంతో ఆశగా కనుక్కుని వెళ్ళాడు. బిళ్ళ పెట్టుకున్న పన్నెండు మందినీ విందుకి పిలిచారు. భద్రయ్య పాత రోజులు గుర్తొచ్చి విజృంభించాడు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, నెయ్యి పోసుకునే బూరెలు. పనసపొట్టంటే ఆదిశేషుకి ప్రాణం. ఒకప్పుడు దానికోసం లారీ ఆపించి అన్నవరం దాకా వెళ్ళొచ్చిన ఘనుడు.

భద్రయ్య ఒక్క గరిటె వేశాడు. "చాలండీ" అని ఆదిశేషు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. భద్రయ్య ఓ క్షణం ఆ చేతిని చూసి, మొహాన్ని చూసి, గిన్నె అక్కడే దించేసి, తాయారు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఓ మాటండి. ఇటు రండి."

వంటింట్లోకి తీసుకెళ్ళి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మీవారు చాలన్నది కడుపు నిండి కాదండి."

"మీకెలా తెలుసు?"

"భలేవారే! నలభై ఏళ్ళు గరిటె పట్టినోణ్ణండి, ఆమాత్రం తెలవదాండి? మనోళ్ళు చాలనేది మూడుసార్లండి. మొదటి చాలు మొహమాటానికండి. చెయ్యి అడ్డం పెడతారు గానీ వేళ్ళు ఎడంగా ఉంటాయండి, గరిటె దూరేటట్టు. కళ్ళు గిన్నె మీదే ఉంటాయి. రెండో చాలు మర్యాదకండి. 'అబ్బెబ్బే, ఇంకెక్కడ పడుతుందండీ' అంటా వేయించుకుంటారు. మూడోది అసలు చాలండి. ఆకు మీదకి వంగిపోతారు, కళ్ళు గిన్నెకేసి చూడవు. మీవారి కళ్ళు చూశారాండి? నా గిన్నెతో పాటు నడిచొచ్చేశాయి."

తాయారు గుమ్మం పట్టుకుంది. "మరి ఆ రోజు..."

"ఆయ్, ఆ టోపీలెట్టిన రోజు ఇరవై మందీ అన్నది మొదటి చాలేనండి. పైగా డైరెక్టరు గారు ఎదురుగుండా కూర్చుని చూస్తా ఉంటే ఎవరు తింటారండి? మీరేమో ఆపండి ఆపండని కేకలు. గిన్నెలు నిండుగా వెనక్కి పట్టుకుపోయానండి. ఆ రోజే చెబ్దామనుకున్నాను."

ఓరి దేవుడా అనుకుంది తాయారు. పుట్టింది రామచంద్రపురం, మెట్టింది కాకినాడ. మేనమామ పెళ్ళిలో తనూ వేళ్ళు ఎడంగా పెట్టి "చాలు" అన్నదే. పరాయి దేశం వాడు ఈ తప్పు చేశాడంటే అర్థముంది. ఇన్ని యంత్రాలు పెట్టి, ఇంతమంది చదువుకున్నవాళ్ళు కలిసి పట్టుకున్నది తృప్తిని కాదు, మొహమాటాన్ని. దాన్నే నాలుగు నెలల్నుంచి పన్నెండు మంది చెవుల్లో పగలూ రాత్రీ వాయిస్తున్నారు.

బంతిలో ఆదిశేషు ఒక్కడే మిగిలాడు. తాయారు వెళ్ళి పక్కన నేల మీద కూలబడింది.

"ఏవండీ, నామీద ఒట్టు, నిజం చెప్పండి. ఆకలేస్తోందా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వేస్తోంది."

"అడగొచ్చు కదండీ!"

"ఎలాగే అడగడం? బావుండదు."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లోనే ఎక్కువ." ఆకు అంచుని వేలితో చుట్టాడు. "నాలుగు నెలల్నుంచి మనింట్లో చుట్టంలా ఉన్నానే తాయారూ. ఎప్పుడు బయల్దేరాలో తెలియని చుట్టంలా."

తాయారు ఆయన చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చి, చర్మం ఊడొస్తుందేమోనన్నా చూడకుండా బిళ్ళని పీకేసింది.

ఆ సాయంత్రానికే పన్నెండు బిళ్ళలూ తీయించేసింది. మూడో నంబరు పెద్దాయన మందులషాపులో జనం ఉన్నారని, అడగలేక, షుగరు మాత్రలు లేకుండా నెల్లాళ్ళు గడిపాడు. తొమ్మిదో నంబరు టీచరమ్మ నడుంనొప్పితో నిలబడే పాఠాలు చెబుతోంది, కుర్చీ అడగడం బావుండదని. ఇద్దరూ నివేదికల్లో "పూర్తి సంతృప్తి" అని రాశారు.

"ఒక్క ఫిర్యాదూ లేదు కదమ్మా?" అన్నారు నరహరి గారు, సంతకం లేని కాగితాలు చూస్తూ.

"కోరిక చావలేదు సార్, నోరు చచ్చింది. రెండూ ఒకటి కాదు."

ఆయన చెడ్డవాడు కాదు. లెక్క తప్పిందంటే ఒప్పుకునే మనిషి. వారం తిరక్కుండా ఆ ఇరవై మందికే టోపీలు తొడిగి మళ్ళీ భోజనాలు పెట్టించారు, ఈసారి తను వేరే గదిలో కూర్చున్నారు. భద్రయ్యకి పూర్తి స్వేచ్ఛ. మూడో చాలు దాకా, ఆకుల మీదకి వంగిపోయేదాకా కొసరి కొసరి వడ్డించాడు. అద్దం వెనక తాయారు గీతలనే చూస్తోంది. మూడో చాలుకీ కొత్త అలేమీ రాలేదు. ఆకులు మడిచేశారు. ఓ ఆరేడుగురు ఫోన్లు మోగుతున్నాయని టోపీలతోనే గబగబా లేచిపోయారు. మిగిలినవాళ్ళు లేవలేక గోడకి జారగిలబడ్డారు. ఓ ముసలి గుమాస్తా భద్రయ్యకేసి చూసి "అన్నదాతా సుఖీభవ!" అన్నాడు. పక్కవాళ్ళూ అన్నారు. తర్వాత ఊరికే కూర్చున్నారు. సరిగ్గా అప్పుడు, తినడమయ్యాక పది నిమిషాలకి, ఒక్కొక్క గీతా నెమ్మదిగా లేచి పరుచుకుంది. పాత అలకీ దీనికీ పోలికే లేదు. లేచి పరిగెత్తినవాళ్ళ గీతలు మాత్రం చదునుగానే ఉండిపోయాయి.

తాయారుకి తను ఆఖరిసారి అన్నం తిని పది నిమిషాలు ఊరికే కూర్చున్నది ఎప్పుడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

బిళ్ళ తీసేసిన పన్నెండు మందినీ మరో రోజు అలాగే కూర్చోబెడితే, ఒక్కరి గీతా లేవలేదు. ఆదిశేషు ఇంకా మొదటి గరిటెకే "చాలండీ" అంటున్నాడు.

"అలవాటు పడిన మెదడు, టైము పడుతుంది" అన్నారు నరహరి గారు. "పట్టకపోతేనో? ఇప్పుడు అసలు అల మన చేతిలో ఉంది కదా. కొత్త బిళ్ళ చేయిస్తాను, ముందు మీవారికే పెడదాం. రెండ్రోజుల్లో మనిషి తృప్తిగా కూర్చుంటాడు."

చేయించారు కూడా. తాయారు దాన్ని చిన్న డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆదిశేషు వరండాలో కూర్చునే ఉన్నాడు. మెడ ఎముకలు తేలి, చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది. జుట్టు పక్కకి తీసి, బిళ్ళని చెవి దాకా తీసుకెళ్ళింది. ఆయన ఏమిటని అడగలేదు. అడ్డు చెప్పలేదు. తల వంచి కూర్చున్నాడు, దాని బదులు గుదిబండ కట్టినా అలాగే కూర్చునేట్టు.

చెయ్యి ఆగిపోయింది. ఇది పెడితే ఈయన రెండు ఇడ్లీలు తిని, విందు తిన్నవాడిలా గోడకి ఆనుకుని హాయిగా ఉంటాడు. ఎండిపోతూ హాయిగా ఉంటాడు. తను ల్యాప్‌టాప్ తెరుచుకోవచ్చు. ఆ మాట మనసులోకి రాగానే తాయారుకి తనమీద తనకే అసహ్యం వేసింది. తినకుండా వచ్చే తృప్తి మత్తే కదా, ఇంకేమిటి? నాలుగు నెలల్నుంచి మనిషి కళ్ళెదుట కరిగిపోతుంటే, అడగటం లేదు కదా అని తను సంతోషించింది. తప్పు బిళ్ళదొక్కదానిదే అయితే ఎంత బావుండేది!

మర్నాడు డబ్బా డైరెక్టరు గారి బల్ల మీద పెట్టింది. పక్కన ఒకే ఒక్క పేజీ నివేదిక. "అల నిజమే సార్. కానీ అది కడుపు నిండాక, పెట్టినవాళ్ళని తలుచుకుని, పది నిమిషాలు ఏ పనీ లేకుండా కూర్చుంటేనే రావాలి. ముందే తెచ్చి అతికిస్తే మళ్ళీ మొదటికొస్తాం. నాకు సెలవు కావాలి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు సార్."

ఆయన ఆ పేజీని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పది నిమిషాలు ఊరికే కూర్చోమని చెప్పడానికి ఫ్యాక్టరీ కట్టామంటే మా ఆవిడ నవ్విపోతుంది" అని ఫైలు మూసేశారు. లక్ష బిళ్ళల మాట అంతటితో పోయింది. మెట్లు దిగుతుంటే తాయారుకి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇన్నేళ్ళలో చేసిన పనులన్నిటికన్నా ఒక పని మానేసినందుకే ఎక్కువ నిమ్మళంగా అనిపించడం ఆవిడకే విడ్డూరంగా తోచింది.

గేటు దగ్గర భద్రయ్య కనిపించాడు. సంగతి విని తల పంకించాడు. "బెంగెట్టుకోకండమ్మా. చుట్టానికి మనం పని చెప్తామాండి? చెప్పం. తిడతామాండి? తిట్టం. ఎప్పుడైతే పని చెప్పి, చెయ్యకపోతే తిడతామో, ఆ రోజుకి ఇంటోడైపోతాడండి."

తాయారు అదే పట్టుకుంది. మొదటి రోజు చిక్కుడుకాయల ఈనెలు తియ్యమని పళ్ళెం ఒళ్ళో పెట్టింది. తీశాడు, చక్కగా, అద్దెకున్నవాడిలా అణకువగా. రెండో రోజు మేడ మీద బట్టలు తెమ్మంది. నాలుగో రోజు బట్టలు తేవడం ఆలస్యమై వాన పడితే, "బుద్ధుందా అసలు?" అని అరిచింది. "పొరపాటైంది, క్షమించు" అన్నాడు. తాయారు స్నానాలగదిలోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఈ మనిషి ఇంక రాడేమో. బతికినన్నాళ్ళూ తన ఇంట్లో ఓ మర్యాదస్తుడు అతిథిగా ఉండిపోతాడేమో.

అయినా మానలేదు. రోజూ వంట చేసింది, ఎదురుగా కూర్చుని తింది, కొసరి కొసరి వడ్డించింది. మొదటి చాలు దాటి రెండో గరిటెకి ఒప్పించడానికి వారం పట్టింది. మొదట్లో తాయారుకి చేతులు ఊరికే ఉండలేక దురద పెట్టేవి. తర్వాత్తర్వాత పప్పు ఉడుకుతున్న చప్పుడు కూడా వినబడటం మొదలైంది. ఎన్నాళ్ళైందో ఈ చప్పుడు విని అనుకుంది. ఈ మనిషి ఎదురుగా ఉన్నాడు, చాలదా అనుకుంది. వెంటనే, చాలదు, నా పాత మొగుడే కావాలి అనుకుంది. భగవంతుడు కూడా ఆ మాటకి తప్పు పట్టడు.

పదకొండో రోజు బుధవారం. గుమ్మడికాయ ముక్కలేసి పప్పుచారు పెట్టింది. ఇద్దరూ వంటింటి బయట నేల మీద కూర్చున్నారు. ఆదిశేషు ఓ ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. నుదురు ముడి పడింది.

"ఇందులో ఉప్పేదే?"

తాయారు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కావాలని మానేసింది కాదు, నిజంగానే మర్చిపోయింది.

"నిన్నే! ఉప్పెయ్యకుండా పప్పుచారేమిటే? ఇది తినమన్నావా, ఆస్పత్రిలో రోగులకి పెట్టమన్నావా? ధ్యాస ఎక్కడుంటుంది నీకు?"

ఆవిడ కళ్ళవెంట నీళ్ళు బొటబొటా కారిపోయాయి. ఏడుస్తూనే నవ్వు తన్నుకొచ్చింది.

"ఇప్పుడేమన్నానని ఏడుపు? సర్లే, ఊరుకో. నేనే తెచ్చుకుంటాను." విసుక్కుంటూ లేచాడు. నాలుగు నెలలుగా గుమ్మం ఇవతలే నిలబడి, ఇస్తేనే మంచినీళ్ళు తాగిన మనిషి, ఇప్పుడు వంటింట్లోకి దూరిపోయాడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే ధడేల్ ధడేల్మని తీస్తున్న చప్పుడు. "ఈ కొంపలో ఉప్పు ఎక్కడ పెట్టి చస్తారో!" అన్న కేక. ఎదురింటి రత్నావళికి కూడా వినిపించే ఉంటుంది. తాయారు ఆ కేకని కళ్ళు మూసుకుని విన్నది. నా మొగుడు తిరిగొచ్చాడు తండ్రీ, నీకు వెయ్యి దండాలు అనుకుంది. మనసంతా తేలికైపోయింది.

ఉప్పు తెచ్చి తన కంచంలో వేసుకున్నాడు. అడక్కుండా ఆవిడ కంచంలోనూ వేశాడు. తర్వాత గరిటె లాక్కుని తనే వడ్డించుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి తాయారు గిన్నె చూపిస్తే, కంచం మీదకి వంగిపోయి, "చాలే బాబూ, చంపేస్తావా" అన్నాడు. కళ్ళు గిన్నెకేసి చూడలేదు.

గోడకి జారగిలబడి బ్రేవ్‌మని తేన్చాడు. తాయారూ పక్కనే ఆనుకుంది. బయట ఎండ. పట్టపగలు రెండు గంటలు. ఊరంతా ఎవరి పరుగులో వాళ్ళున్నారు. ఎంగిలి కంచాల మీద ఈగ వాలి లేచింది. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. చాలాసేపైంది.

"చెయ్యి ఎండిపోతోందే, లే" అన్నాడు ఆదిశేషు.

"ఎండనీండి" అంది తాయారు.